టిప్పు యుద్ధాల పాత ప్రింట్లు: యుద్ధ దృశ్యం మేలా, కోట దృశ్యం మేలా?

టిప్పు సుల్తాన్ రాజధాని శ్రీరంగపట్నం యుద్ధాల ప్రింట్లు నా దగ్గర కొన్ని ఉన్నాయని తెలిసినవాళ్లు తిప్పి తిప్పి ఒకటే అడుగుతున్నారు. "ఒక్క మంచి ప్రింటుకు సరిపడా డబ్బు పక్కన పెట్టాను. టిప్పు నేలకొరుగుతున్న పెద్ద యుద్ధ దృశ్యం కొనాలా, హైదర్ సమాధో కొండకోటో ఉన్న ఆక్వాటింట్ కొనాలా?" (ఆక్వాటింట్ అంటే రాగిరేకును యాసిడ్‌తో కొరికించి, నీటిరంగుల్లాంటి నీడలు తెప్పించిన ప్రింటు.) పాత లండన్ పత్రికల్లోంచి తీసిన బొమ్మలు చవగ్గా దొరుకుతున్నాయి, అవి పనికొస్తాయా అని దాని వెనకే ఇంకో ప్రశ్న. ఈ మధ్యే నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది. నా మొగ్గు ఎటో చదువుతుంటే మీకే తెలిసిపోతుంది.

మైసూరు యుద్ధాలతో మనకేం పని అనేవాళ్లకు ఒక్క మాట. టిప్పు మీదికి వెళ్లిన సేనల్లో నిజాం సేన కూడా ఉంది. 1799లో దానికి అధిపతి మీర్ ఆలం. 1792లో, మళ్లీ 1799లో నిజాం వాటాకు వచ్చిన సీమ ప్రాంతాలే 1800లో కంపెనీ చేతికి పోయి దత్త మండలాలయ్యాయి. కడప, గుత్తి వాళ్లకైతే ఇది సొంత ఊరి చరిత్రే.

ముందు యుద్ధ దృశ్యాలు చూద్దాం. 1799 మే 4న శ్రీరంగపట్నం కోట ఇంగ్లిష్ సేన వశమైంది. ఆ వార్త లండన్ చేరిన కొద్ది నెలలకే, 1800లో, రాబర్ట్ కెర్ పోర్టర్ అనే కుర్ర చిత్రకారుడు దాదాపు 120 అడుగుల పొడవున్న కాన్వాసు మీద ముట్టడి మొత్తం గీసి లండన్‌లోని లైసియం అనే ప్రదర్శనశాలలో పెట్టాడు. జనం ఎగబడి చూశారు. ఆ కాన్వాసు తర్వాత కాలిపోయింది. ఇవాళ మనకు మిగిలింది దాన్ని చూసి వెండ్రమిని చెక్కిన మూడు పెద్ద స్టిపుల్ ఎంగ్రేవింగులు, అంటే రేకు మీద చుక్కలతో చెక్కిన ప్రింట్లు. వాటిలో కత్తి పైకెత్తి సేనను ఉరికిస్తున్న డేవిడ్ బెయిర్డ్ 1780లో పొల్లిలూరు యుద్ధంలో మైసూరు సేనకు పట్టుబడి, 1784 దాకా ఇదే శ్రీరంగపట్నంలో ఖైదీగా ఉన్నవాడు. అది తెలిసి చూస్తే ఆ చెయ్యి ఎత్తడంలో ఇంకో అర్థం కనిపిస్తుంది. ఇవి కాక హెన్రీ సింగిల్టన్ గీసిన టిప్పు ఆఖరి పోరాటం ఉంది. స్కియావొనెట్టి చెక్కిన ఆ ప్రింటు వేలాల్లో తరచుగానే కనిపిస్తుంది.

వీటి బలం గోడకు తగిలించాకే తెలుస్తుంది. ఇంటికొచ్చినవాళ్లు చెప్పుల దగ్గరే ఆగిపోయి చూస్తారు. కథ చెప్పక్కర్లేదు, బొమ్మే చెబుతుంది. పనితనానికి వంక పెట్టలేం. భూతద్దం పెట్టి చూస్తే ముఖాల మీద గీత అన్నదే ఉండదు, అంతా సూదిమొన చుక్కలే. ఆ చుక్కలు దగ్గరయ్యే కొద్దీ నీడ, దూరమయ్యే కొద్దీ వెలుగు. చేత్తో ఇంత ఓపికగా ఎలా చేశారా అనిపిస్తుంది.

తలనొప్పులూ ఉన్నాయి. పోర్టర్ ప్రింట్లు మూడూ కలిపి దొరకడం కష్టం. ఒక్కటే కొంటే మిగతా రెండిటి కోసం ఏళ్ల తరబడి టెన్షన్. పెద్ద సైజు కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు ఎవరో మడిచి ఉంటారు, మడత దగ్గర కాగితం చిట్లి ఉంటుంది. ఫ్రేములో పట్టలేదని అంచులు కత్తిరించిన ప్రతులు కోకొల్లలు. ఫ్రేము ఖర్చు కూడా ముందే లెక్కేసుకోవాలి.

ఇక రెండో వైపు. 1790ల తొలి ఏళ్లలో గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ సేనతో పాటు మైసూరు రాజ్యంలో తిరిగినవాళ్లు గీసిన దృశ్యాలు ఇవి. రాబర్ట్ హైడ్ కోల్‌బ్రూక్ వేసిన పన్నెండు దృశ్యాలు 1793లో వచ్చాయి. ఆయన వృత్తికి సర్వేయరు, తర్వాత బెంగాల్ సర్వేయర్ జనరల్ అయ్యాడు. అలెగ్జాండర్ ఆలన్ గీసిన ఇరవై ఆక్వాటింట్లు 1794లో. అదే ఏడాది రాబర్ట్ హోమ్ దృశ్యాల పుస్తకం. జేమ్స్ హంటర్ గీసిన నలభై దృశ్యాలను ఎడ్వర్డ్ ఓర్మ్ 1804, 1805లలో వేశాడు. వీటిలో కత్తులు దూయడం తక్కువ. కొండలు, బురుజులు, గుడారాలు, ఒక మూల ఇద్దరు ముగ్గురు సిపాయిలు, అంతే. కొందరికి చప్పగా అనిపిస్తాయి, కాదనను.

నా మటుకు తేల్చే విషయం ఒక్కటే: గీసినవాడు అక్కడ ఉన్నాడా లేదా. పోర్టర్ ఆ ముట్టడి చూడలేదు. సింగిల్టనూ చూడలేదు. ఇద్దరూ లండన్‌లో కూర్చుని, విన్నదీ చదివిందీ పెట్టుకుని గీశారు. కోల్‌బ్రూక్, ఆలన్, హోమ్, హంటర్ ఆ దుమ్ములో నడిచారు.

ఈ తేడా ఎంతో చూడాలంటే ఒకే సంఘటన తీసుకుందాం. 1792 ఫిబ్రవరి 26న టిప్పు తన కొడుకులిద్దరిని కారన్‌వాలిస్‌కు బందీలుగా అప్పగించాడు. పెద్దవాడికి పదేళ్లు, చిన్నవాడికి ఎనిమిది. మేథర్ బ్రౌన్ దీన్ని లండన్‌లో గీశాడు, డేనియల్ ఓర్మ్ ప్రింటు చెక్కాడు. బాగా అమ్ముడుపోయే బొమ్మ: దయామయుడైన దొర, బెరుకు బెరుగ్గా పిల్లలు. రాబర్ట్ హోమ్ మాత్రం ఆ రోజు ఆ శిబిరంలో ఉన్నాడు. ఆయన వేసిన చిత్రం ఎడమ చివర, చంకలో బొమ్మల అట్టతో తనను తాను కూడా గీసుకున్నాడు. ఆ గుంపులో ఆఫీసర్లు ఎవరికి వారుగా గుర్తుపట్టేలా ఉంటారు. సంఘటన ఒకటే అయినా ఒకటి కంపెనీ గొప్ప చెప్పడానికి పుట్టింది, రెండోది అక్కడ ఉన్న మనిషి చెప్పిన సాక్ష్యం. సాక్షి కూడా తన పక్షమే వహిస్తాడనుకోండి, అయినా ఆయన్ని ఎదురు ప్రశ్న వేయొచ్చు. చూడనివాణ్ని ఏం అడుగుతాం?

ఆలన్ సంగతి ఇంకా గట్టిది. 1794 నాటి కొండకోటల దృశ్యాలు గీసిన ఈ ఆలనే 1799లో మేజరుగా తెల్లజెండా పట్టుకుని రాజభవనంలోకి వెళ్లి టిప్పు కొడుకులతో మాట్లాడాడు. ఆ రాత్రి దివిటీల వెలుగులో, ద్వారం కింద శవాల కుప్పలో టిప్పు దేహాన్ని వెతికినవాళ్లలో కూడా ఉన్నాడు. కళ్లు తెరుచుకుని, ఒళ్లు వెచ్చగా ఉండటంతో, ప్రాణం ఉందేమోనని తనకూ, పక్కనే ఉన్న కల్నల్ ఆర్థర్ వెల్లెస్లీకీ కాసేపు అనుమానం వచ్చిందని రాసుకున్నాడు. ఆ మనిషి కళ్లతో చూసి గీసిన కొండ నా గోడ మీద ఉండటం నాకు సింగిల్టన్ నాటకం కన్నా విలువైంది.

ఇక నేను మనసు పారేసుకున్నది కోల్‌బ్రూక్ హైదర్ సమాధి. శ్రీరంగపట్నం లాల్‌బాగ్ తోటలోని గుంబజ్ మనం చూసిందే. కానీ ఈ ప్రింటులో ఉన్న గుంబజ్‌లో టిప్పు లేడు, ఇంకా బతికే ఉన్నాడు. ఆయన్ని తండ్రి పక్కన పూడ్చిపెట్టింది 1799 మే 5న. కింద ఉన్న తేదీ చదివాక ఆ గుమ్మటాన్ని మళ్లీ చూడండి. 1792లో ముట్టడి సామగ్రి కోసం ఆ తోటలోని సైప్రస్ చెట్లను కొట్టేసింది కూడా కారన్‌వాలిస్ సేనే. యుద్ధం ఎక్కడా కనబడని ఈ సమాధి బొమ్మ, అదే సేనలోని సర్వేయరు చేతి నుంచి వచ్చింది.

ఆక్వాటింట్లన్నీ కళ్లకద్దుకోమని కూడా చెప్పను. హంటర్ 1792లోనే చనిపోయాడు. పన్నెండేళ్ల తర్వాత లండన్‌లో వాటిని చెక్కినవాళ్లను, రంగులద్దినవాళ్లను ఆయన సరిదిద్దే అవకాశమే లేదు. ఆకాశం నీలం, గుడ్డల ఎరుపు ఆ వర్క్‌షాపు ఇష్టం. కాబట్టి హంటర్ కొంటే గీతను నమ్మండి, రంగును కాస్త అనుమానించండి.

"లండన్ జనం టిప్పును ఎలా ఊహించుకున్నారన్నదీ చరిత్రే కదా" అని చరిత్ర చెప్పే మిత్రుడొకరు నాతో ఎప్పుడూ వాదిస్తాడు. నిజమే. ప్రచారం ఎలా నడిచిందో మీకు ఆసక్తి ఉంటే సింగిల్టన్, బ్రౌన్ ముందు కొనండి. మద్రాసులో థామస్ బ్యాంక్స్ చెక్కిన కారన్‌వాలిస్ విగ్రహం పీఠం మీద కూడా ఆ పిల్లల అప్పగింతే ఉంది. ఆ విగ్రహం ఇప్పుడు సెయింట్ జార్జ్ కోట మ్యూజియంలో ఉంది. ప్రింటు కొన్నాక ఒకసారి వెళ్లి రాతిలో కూడా చూసి రండి. స్మారకాల మీద మక్కువ ఉన్నవాళ్లకు ఈ జోడీ బాగుంటుంది. రెండూ కావాలనుకునేవాళ్లకు మధ్యేమార్గం హోమ్ గీసిన కల్నల్ మూర్‌హౌస్ మరణం. 1791 మార్చి 7న బెంగళూరు పేట ద్వారం దగ్గర జరిగిన దాడి అది. ఆ సేనతోనే తిరిగిన మనిషి గీసిన యుద్ధ దృశ్యం, ప్రింటుగానూ వచ్చింది. కనబడితే ఆలోచించకండి.

ఏది కొన్నా ముందు చూడాల్సింది బొమ్మ కింది అక్షరాలు. ఎడమ మూల గీసినవాడి పేరు, కుడి మూల చెక్కినవాడి పేరు, మధ్యలో ప్రచురించినవాడు, వీధి, తేదీ. అంచు కత్తిరించినప్పుడు ముందు పోయేది ఇదే. అది లేని ప్రింటు ఎంత అందంగా ఉన్నా నేను ముట్టను. ఎందుకంటే గీసినవాడు అక్కడున్నాడా లేదా అన్న నా లెక్కంతా ఆ వరుస మీదే నిలబడింది. అక్షరాల చుట్టూ, అచ్చు వేసినప్పుడు రాగిరేకు నొక్కుకున్న గాడి వేలికి తగలాలి.

తర్వాత కాగితాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకోండి. 1794 తర్వాతి ఇంగ్లిష్ కాగితాల్లో చాలావాటికి వాటర్‌మార్కులో తయారీ సంవత్సరం ఉంటుంది, పన్ను నిబంధన వల్ల వచ్చిన అలవాటు అది. రేకు మీద 1794 అని ఉండి కాగితంలో దాన్ని తయారుచేసిన వాట్‌మన్ పేరు పక్కన 1818 కనబడితే, పాత రేకుతో తర్వాత తీసిన ప్రతి అన్నమాట. ఆక్వాటింట్ రేకు త్వరగా అరుగుతుంది, కాబట్టి అలాంటి ప్రతిలో నీడలు పలచబడి ఉంటాయి. నకిలీ కాదు గానీ ధర దానికి తగ్గట్టు ఉండాలి. ఈ మాట డీలరు తనంతట తాను చెప్పడు, మీరే అడగాలి.

ఆక్వాటింట్ అసలుదైతే భూతద్దంలో తెల్లటి రవ్వల చుట్టూ సిరా వల అల్లినట్టు కనబడుతుంది. చేత్తో వేసిన రంగు అక్కడక్కడా గీత దాటుతుంది. అదే వరసలు కట్టిన రంగు చుక్కలు కనబడితే అది ఈమధ్య ప్రెస్సులో వేసిన నకలు, ఫ్రేము ఎంత పాతదైనా సరే.

మిగతావాటి గురించి క్లుప్తంగా. విల్కీ 1839లో గీసిన, బెయిర్డ్‌కు టిప్పు దేహం దొరికిన దృశ్యాన్ని బర్నెట్ చెక్కాడు. నలభై ఏళ్ల తర్వాతి ఊహ అది, నాకు అక్కర్లేదు. 1842లో మొదలైన ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ బొమ్మలు చెక్క మీద చెక్కినవి. పెద్ద బొమ్మల్లో చెక్కముక్కలు కలిసిన చోట సన్నటి తెల్ల గీత కనబడుతుంది, వెనక వైపు వార్త ఉంటుంది. 1857 తిరుగుబాటు బొమ్మల కోసం, కాన్పూరు బావి మీది దేవదూత లాంటి స్మారకాల కోసం అయితే చవగ్గా మంచి మొదలు. రంగులేసినవి మాత్రం వద్దు, ఆ రంగు చాలావరకు ఈమధ్య అమ్మకం కోసం వేసిందే. 1857 పుస్తకాల్లోంచి ఊడదీసిన స్టీల్ ఎంగ్రేవింగులు సంతలో కుప్పలుగా ఉన్నాయి, తొందరేం లేదు. బొబ్బిలి యుద్ధం గురించి కూడా అడుగుతుంటారు. అక్కడి స్మారక స్తంభం 1891 నాటిది, అప్పటికే ఫోటోల కాలం వచ్చేసింది. ఆ యుద్ధం మనకు పాటలో మిగిలింది, రాగిరేకు మీద కాదు.

విశాఖ, మచిలీపట్నం లాంటి చోట్ల ఉండేవాళ్లు గోధుమరంగు మచ్చలకు, కాగితం తినే సిల్వర్ ఫిష్ పురుగుకు సిద్ధంగా ఉండాలి. యాసిడ్ లేని మౌంటు, గాజుకూ కాగితానికీ మధ్య ఖాళీ, ఎండ పడని గోడ, ఇంతే. రంగులేసిన ఆక్వాటింట్‌కు ఎండే మొదటి శత్రువు. ఈ ఒక్క విషయంలో రంగులేని యుద్ధ దృశ్యం గెలుస్తుందని ఒప్పుకోవాలి.

విదేశాల్లో ఉండే మనవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. వందేళ్లు దాటిన కళాకృతి మన దేశంలో 1972 చట్టం కింద పురావస్తువు, సొంతంగా బయటికి తీసుకెళ్లడం కుదరదు. చెన్నైలోనో హైదరాబాద్‌లోనో సెలవుల్లో ముచ్చటపడి కొన్నా, అది ఇక్కడి బంధువుల గోడ మీదే ఉండాల్సిందే. అక్కడి గోడకు కావాలంటే అక్కడే కొనుక్కోండి. ఈ ప్రింట్లు ఎక్కువగా అమ్మకానికి వచ్చేదీ లండన్ వేలాల్లోనే.