రోజూ కొంచెమా, వారాంతంలో గట్టిగానా: ఏది మేలు?

ఆరోగ్యం కోసం ఏదో ఒక వ్యాయామం మొదలుపెట్టి, దాన్ని నిలబెట్టుకోవాలనుకునే వాళ్లకు ముందుగా వచ్చే సందేహం ఇది. రోజూ ఓ పాతిక నిమిషాలు చేయాలా, లేక వారమంతా పనిలో పడి శని, ఆదివారాల్లో కలిపి రెండున్నర గంటలు చేస్తే సరిపోతుందా? నా ఓటు రోజూ కొంచెం చేయడానికే. అలాగని వారాంతపు వ్యాయామం ఒంటికి పట్టదని మాత్రం నేననను.

ఎందుకంటే అది పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలి. అంటే మాట్లాడటానికి ఊపిరి అందాలి, పాట పాడటానికి అందకూడదు. ఒక్కో విడత కనీసం 10 నిమిషాలైనా ఉండాలన్న పాత షరతును కూడా అప్పుడే తీసేశారు. ఇంగ్లండ్, స్కాట్లండ్‌లలో 63 వేలమందికి పైగా పెద్దవాళ్ల వివరాలు పరిశీలించి 2017లో ఒక అధ్యయనం వెలువరించారు. అసలు వ్యాయామం చేయని వాళ్లతో పోలిస్తే, వారంలో ఒకటి రెండు రోజులే చేసి లెక్క పూర్తిచేసిన వాళ్లలో మరణాల ముప్పు దాదాపు 30 శాతం తక్కువగా కనిపించింది. మూడు, అంతకు మించిన సార్లు చేసిన వాళ్లలో అది సుమారు 35 శాతం తక్కువ. తేడా ఏమంత పెద్దది కాదు.

తేడా అంతా ఆ అలవాటు నిలబడటంలో ఉంది. వారాంతం పద్ధతిలో మీ చేతిలో ఉండేవి రెండే రోజులు. ఒక శనివారం చుట్టాలొస్తారు, ఆదివారం తలనొప్పి. అంతే, మళ్లీ బూట్లు వేసుకునే సరికి రెండు వారాలు గడిచిపోతాయి. రోజూ చేసే వాళ్లకు ఒక నాగా అంటే ఒక్క రోజే. లండన్‌లో 96 మంది మీద చేసి 2009లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, ఒక కొత్త పని ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పట్టొచ్చని వాళ్ల అంచనా. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టమేమీ కనిపించలేదు. వాళ్లు రోజూ అదే సందర్భంలో అదే పని చేశారు. వారానికి ఒకటి రెండుసార్లు చేసే పనికి అన్ని పునరావృతాలు దొరకాలంటే నెలలు పడుతుంది. చాలామంది ఈలోపే ఆరంభశూరులుగా మిగిలిపోతారు.

ఒంటి నొప్పుల సంగతీ ఉంది. ఆరు రోజులు కుర్చీలో కూర్చుని ఏడో రోజు రెండు గంటలు పరుగెత్తితే, సోమవారం మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది: తొడలు బిగుసుకుపోయి, రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ పక్కకు తిరిగి దిగాల్సి వస్తుంది. ఆ నొప్పి గుర్తుకొస్తే వచ్చే ఆదివారం కాలు కదలదు.

షుగర్ ఉన్నవాళ్లు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. వ్యాయామం వల్ల ఇన్సులిన్ బాగా పనిచేసే ప్రభావం ఒకటి నుంచి మూడు రోజుల్లో తగ్గిపోతుంది. అందుకే వరసగా రెండు రోజులకు మించి ఖాళీ ఇవ్వొద్దంటారు.

అయితే రాత్రి డ్యూటీలు మారుతుండే వాళ్లు, చంటిపిల్లల తల్లులు, ఇంట్లో మంచానపడిన పెద్దవాళ్లను చూసుకునే వాళ్లు రోజూ చేయలేకపోతున్నామని బాధపడొద్దు. నిద్ర మానుకుని మరీ తెల్లవారుజామున లేచే కంటే వారాంతమే వాళ్లకు మేలు. వయోజనులెవరికైనా కనీసం ఏడు గంటల నిద్ర కావాలి, దాన్ని ఆదివారానికి వాయిదా వేయడం కుదరదు. చేసేదాన్ని మాత్రం రెండు రోజులకూ పంచుకోండి, వేగం నెమ్మదిగా పెంచండి.

రోజూ చేద్దామనుకునే వాళ్లకు నేను చెప్పేది ఒకటే: నెలలో మీకు అన్నింటికంటే టెన్షన్‌గా గడిచే రోజును తలుచుకుని, ఆ రోజు కూడా చేయగలిగినంతే లెక్క పెట్టుకోండి. పళ్లు తోముకోగానే కుర్చీ వెన్ను పట్టుకుని పది గుంజీలు, భోజనం అయ్యాక పది నిమిషాల నడక. ఓపిక ఉన్న రోజు ఎంతైనా చేయండి. ఒక రోజు తప్పితే మర్నాడు దానికి రెట్టింపు చేయకండి, మామూలుగా చేసేదే చేయండి.