అనంతపురంలో సూపర్‌వైజర్ల ట్రైనింగ్: పొద్దున క్లాసు బాగుంది, మధ్యాహ్నానిది దండగ

రాయదుర్గంలో జీన్స్ కుట్టే చిన్న యూనిట్ మాది. పనివాళ్ళతో ఎలా మెలగాలో, పని ఎలా రాబట్టాలో ఒక్కరోజులో నేర్పుతామంటే నేనూ, మా లైన్ చూసే మేస్త్రీ ఇద్దరం వెళ్ళాం. మనిషికి రెండు వేలు. టిఫిన్ ఉగ్గాని బజ్జీ, దానికి వంక పెట్టేదేం లేదు.

సారు బోర్డు మీద అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీశాడు. అడ్డగీత పని మీద శ్రద్ధ, నిలువుగీత మనుషుల మీద శ్రద్ధ, రెండింటికీ 1 నుంచి 9 దాకా అంకెలు, ముందు చెప్పేది పనిది, తర్వాతది మనుషులది. రాబర్ట్ బ్లేక్, జేన్ మౌటన్ అని ఇద్దరు 1964లో బయటపెట్టిన లెక్కట ఇది. 9,1 అంటే మనిషి ఏమైపోయినా సరే, సాయంత్రానికి సరుకు తేలాలనేవాడు. 1,9 వాడు అందరికీ మంచోడే, ఆర్డర్ మాత్రం లోడ్ కాదు. హాల్లో చాలామంది మధ్యలో ఉండే 5,5నే బ్యాలెన్స్ అనుకున్నారు, అంటే కొంచెం తిట్టు, కొంచెం బుజ్జగింపు. అది రాజీ, రెండూ సగం సగమే దక్కుతాయన్నాడు సారు. ఒకటి పెంచితే ఇంకోటి తగ్గాలని రూలేమీ లేదు, అవి రెండు వేరు వేరు గీతలు, అందుకే 9,9 అనే మూల కూడా ఉందని విడమరిచి చెప్పిన తీరుకే నా ఫీజు చెల్లిపోయింది.

తర్వాత ఎవరి మార్కులు వాళ్ళనే వేసుకోమన్నాడు. ఇంకేముంది, హాలంతా 9,9లే! నా పక్కాయన ఫోన్లో ఎవరినో బండబూతులు తిడుతూనే 9 వేసుకున్నాడు. ఆ మార్కులు మన కింద పనిచేసేవాళ్ళతో వేయించాలి గానీ మనతో కాదు.

మధ్యాహ్నం ఉదాహరణలన్నీ బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఆఫీసులవి. పుట్టినరోజుకు కేకు కోయించమంటాడు. పీసు రేటు మీద కుట్టే ఆమెకు కేకెందుకు సార్? కటింగ్ బండిల్, అంటే కుట్టడానికి కత్తిరించి ఇచ్చే ముక్కల కట్ట, గంట ఆలస్యమైతే ఆ గంట కూలి పోయినట్టే, మిషన్ చెడితే మెకానిక్ వచ్చేదాకా ఊరికే కూర్చోవాలి, ఆ దెబ్బ మా ఆర్డర్‌కూ ఆమె ఇంటికీ ఒకేసారి తగులుతుంది. మా దగ్గర శ్రద్ధంటే బండిల్ టైంకు అందడం, తప్పు కటింగ్‌దో కుట్టుదో చూడకుండా కూలి కోయకపోవడం, శనివారం డబ్బులు చేతిలో పడడం. ఆ రెండు గీతలు కలిసే చోటు ఇదే, దాని గురించి ఒక్క ముక్క లేదు.

మా మేస్త్రీ లేచి అడిగాడు కూడా, "సార్, గూగూడు పీర్ల పండక్కి నలుగురు లీవ్ అడిగినారు, అదే వారం ఆర్డర్ పోవాల, ఏం చేయాల?" అని. "ముందు వాళ్ళు చెప్పేది వినండి" అని స్లైడ్ మార్చేశాడు. విన్నాక ఏం చేయాలనే కదా అడిగింది!

దానికి జవాబు టీ దగ్గర తాడిపత్రి బండల ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ చెప్పాడు. పండగకు నెల ముందే ఎంత సరుకు పోవాలో అందరి ముందూ లెక్క పెడతాడట, ఎవరు పోవాలో వాళ్ళనే తేల్చుకోమంటాడట, ఈ పండక్కి పోయినవాళ్ళు వచ్చే పండక్కి ఉండాలి. ఆ మనిషిని స్టేజీ ఎక్కించి ఉంటే బాగుండేది.

ఇచ్చిన పుస్తకం మొత్తం ఇంగ్లీషే, మేస్త్రీకి అక్కరకు రాలేదు. 5కి 3 స్టార్లు. వెళ్తే ఓనర్లు కాదు, లైన్ చూసేవాళ్ళు వెళ్ళండి, మీ యూనిట్‌లో నలిగే ప్రశ్న ఒకటి రాసుకుని పొద్దున్నే అడిగేయండి. భోజనాల తర్వాత లేచి అడిగినా సారు జవాబు చెప్పకుండా స్లైడ్ మార్చేస్తాడు.