పెట్టె మీద 30, నా కారులో 44: లోయరింగ్ స్ప్రింగులతో 3 ఏళ్లు

నా ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ కారు ముందు చక్రం మధ్య నుంచి పైనున్న ఫెండర్ అంచు దాకా టేపు పెట్టి కొలిస్తే, కారు ఎత్తు తగ్గించే లోయరింగ్ స్ప్రింగులు వేయించక ముందు 392 మిల్లీమీటర్లు వచ్చింది. మార్చాక 500 కిలోమీటర్లు తిప్పి, స్ప్రింగులు సర్దుకున్నాక మళ్లీ కొలిస్తే 348. అంటే కారు 44 దిగింది. స్ప్రింగుల పెట్టె మీద మాత్రం 30 దిగుతుందని అచ్చు వేసి ఉంది. 3 ఏళ్ల 4 నెలల్లో, 41,000 కిలోమీటర్లలో నాకు జరిగిన మంచీ చెడూ చాలావరకు ఈ 14 మిల్లీమీటర్ల తేడా చుట్టూనే తిరిగాయి. అందుకే స్ప్రింగుల రంగు, ధర, ఎంత అందంగా కనిపిస్తుంది వంటి సంగతుల జోలికి వెళ్లను.

తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఆ 30 యూరప్ పోలోకు లెక్క. మన గుంతలనూ స్పీడ్ బ్రేకర్లనూ దృష్టిలో పెట్టుకుని ఇక్కడి పోలోను తయారీలోనే ఎత్తు పెంచి అమ్మారు. అక్కడి కారు కోసం చేసిన స్ప్రింగు ఇక్కడి కారులో పెడితే, అది అక్కడి ఎత్తు లెక్క ప్రకారమే కూర్చుంటుంది. మనం పెంచుకున్న ఎత్తు కూడా అందులో పోతుంది. నాకు అమ్మిన దుకాణదారుకు ఇది తెలియదని నేను అనుకోను. రోజూ ఇవే కార్లకు ఇవే స్ప్రింగులు బిగించే మనిషి. ఒక్క మాట చెప్పి ఉంటే వేరే రకం తీసుకునేవాడిని. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

మొదటి 3 నెలలు మాత్రం నేను నేల మీద నిలవలేదు. కూకట్‌పల్లి నుంచి నానక్‌రామ్‌గూడకు రోజూ వెళ్లి వచ్చే దారిలో ఫ్లైఓవర్ వంపు ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూసేవాడిని. స్టీరింగు ఇలా తిప్పగానే కారు అలా తిరిగేది, ఒరగడం అన్నది లేదు. స్నేహితులకు ఫోను చేసి మరీ చెప్పాను: పట్టాల మీద పోతున్నట్టుంది, మీరూ వేయించుకోండి అని. ఇద్దరు వేయించుకున్నారు కూడా. ఆ మాటను ఇప్పుడు కొంత దిద్దుకోవాలి. ఎందుకో కింద చెబుతాను.

2021 డిసెంబరులో అమ్మానాన్నలను తీసుకుని శ్రీశైలం బయల్దేరాం. ముందు నేనూ మా ఆవిడా, వెనక వాళ్లిద్దరూ, డిక్కీ నిండా సంచులు. మన్ననూరు చెక్‌పోస్టు ఉదయం 6కు తెరుస్తారు కాబట్టి చీకట్లోనే కదిలాం. కల్వకుర్తి రాకముందే ఒక ఊళ్లో రంగు వేయని స్పీడ్ బ్రేకర్. బ్రేకు వేస్తూనే ఎక్కాను. ధడ్ మని ఒక శబ్దం, ఎవరో కింద నుంచి సుత్తితో కొట్టినట్టు. "నడుము విరిగిపోయిందిరా" అంది అమ్మ. నాన్న ఏమీ అనలేదు గానీ, ఆ తర్వాత ప్రతి ఊరి పొలిమేరలోనూ ముందు సీటు పట్టుకుని కూర్చున్నాడు.

అసలు సంగతి దోమలపెంట దాటాక జరిగింది. డ్యాం వైపు దిగుతున్న ఘాట్ రోడ్డు, కుడి వంపు, వేగం 40 కూడా లేదు. దిగుడు, పైగా బ్రేకు, బరువంతా ముందుకు వచ్చి ఎడమ చక్రం మీద పడింది. వంపు మధ్యలో తారు కుంగి చిన్న పల్లం ఉంది. మామూలు కారుకు అది లెక్కలోకి రాదు. నా కారు ముందు భాగం మాత్రం ఒక్కసారి ఎగిరి, పట్టు వదిలి, అడుగు మేర ఎడమకు జరిగింది. ఎడమ పక్క పిట్టగోడ. దాని అవతల లోయ. మళ్లీ పట్టు దొరకడానికి అరక్షణం పట్టి ఉంటుంది. "ఏమైంది నాన్నా?" అని వెనక నుంచి నాన్న అడిగితే, రోడ్డు బాగాలేదన్నాను. చేతులు చల్లబడిపోయాయి. అక్కడి నుంచి హైదరాబాదు వచ్చేదాకా ఎడమ పక్క టక్ టక్ మంటూనే ఉంది.

మర్నాడు మా కాలనీ పక్కనున్న షెడ్డులో ఎడమ స్ట్రట్, అంటే స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఉండే భాగం, విప్పించాను. షాక్ అబ్జార్బర్ కడ్డీకి తొడిగిన రబ్బరు తొడుగు పైకి లాగగానే పసుపు పొడి రాలింది, అచ్చం శనగపిండిలా. అది బంప్ స్టాప్. కడ్డీ మీద ఉండే నురుగు ముక్క, బొటనవేలంత పొడవు. చక్రం మరీ పైకి వచ్చినప్పుడు లోహం లోహానికి తగలకుండా చివరి క్షణంలో అడ్డుపడటం దాని పని. నా కారులో అది నాలుగు ముక్కలైంది. కడ్డీ చుట్టూ నూనె చెమ్మ. మెకానిక్ ఆ ముక్కలను అరచేతిలో పెట్టి చూపిస్తూ, "సార్, మీ కారు స్ప్రింగు మీద నడవలేదు, దీని మీద నడిచింది" అన్నాడు.

నాకు నమ్మబుద్ధి కాలేదు. కుడి వైపు తొడుగు పైకి లేపించి, కడ్డీ అడుగున ఒక ప్లాస్టిక్ టై బిగించమన్నాను. చక్రం పైకి వచ్చినప్పుడల్లా టై కడ్డీ మీద పైకి జరుగుతుంది, తిరిగి దిగదు. చక్రం పైకి రావడానికున్న చోటులో ఎంత వాడుకున్నామో అదే చెబుతుంది. ఒక్కడినే కూర్చుని కాలనీలో 2 కిలోమీటర్లు, 20 వేగం దాటకుండా తిరిగి వచ్చాను. టై నురుగులోకి కూరుకుపోయి ఉంది. నలుగురు లేరు, ఘాట్ లేదు, అయినా సరే.

అప్పుడు అర్థమైంది, నేను ఊరంతా చాటిన "ఒరగని కారు" రహస్యం. కారును దించితే, చక్రాలను కారు అడుగు భాగానికి కలిపే కింది చేతులు (లోయర్ ఆర్మ్‌లు) బయటి వైపు పైకి వాలుతాయి. అలా వాలినప్పుడు కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు, బరువు కేంద్రం కంటే వేగంగా కిందికి పోతుంది. రెండింటి మధ్య దూరం పెరుగుతుంది కాబట్టి కారు నిజానికి ఇంకా ఎక్కువ ఒరగాలి. ఒరగలేదంటే కారణం స్ప్రింగు ఒక్కటే కాదు, వంపు మొదలవగానే బయటి చక్రం బంప్ స్టాప్ మీద వాలిపోతోంది. నున్నటి ఫ్లైఓవర్ మీద అది బిగువుగా, హాయిగా అనిపిస్తుంది. అదే వంపులో గుంత వస్తే చక్రం పైకి రావడానికి చోటుండదు, కారే ఎగురుతుంది. స్నేహితులిద్దరికీ మళ్లీ ఫోను చేసి ఇది చెప్పాను. ఒకరు తీయించేశారు.

నేను తీయలేదు. 17,000 కిలోమీటర్ల దగ్గర నాలుగు షాక్ అబ్జార్బర్లూ మార్పించాను. వాటిని తయారుచేసే కంపెనీ బిల్‌స్టైన్‌లో బీ6 మామూలు ఎత్తు కార్లకు, బీ8 పొట్టి స్ప్రింగులు వేసిన కార్లకు. బీ8 తీసుకున్నాను. స్ప్రింగుల ఖర్చుకు మూడింతలు అయింది. బిగించేటప్పుడు పక్కనే నిలబడ్డాను, ఎందుకంటే మొదటిసారి చేసిన మరో పొరపాటు కూడా బయటపడింది: కింది చేతుల బోల్టులను చక్రాలు గాల్లో వేలాడుతుండగానే పూర్తిగా బిగించారు. అలా బిగిస్తే కారు నేల మీదికి దిగగానే లోపలి రబ్బరు బుష్‌లు మెలిపడి, ఎప్పుడూ అదే మెలికలో నలుగుతుంటాయి. నావి చీలిపోయాయి. ఈసారి కారు బరువు చక్రాల మీద ఉండగా బిగించారు. ఆ పైన వీల్ అలైన్‌మెంటు. అది మొదట్లోనే చేయించకపోవడంతో ముందు టైర్ల లోపలి అంచులు 9,000 కిలోమీటర్లకే అరిగిపోయాయి.

ఇప్పుడు కారు మునుపటికంటే కొంచెం ఒరుగుతుంది, ఆ ఒరగడం నాకు నచ్చింది. ఎంత పట్టు మిగిలి ఉందో చేతికి తెలుస్తోంది. గుంత మీద ఒక్కసారి అణిగి, ఒక్కసారి లేచి ఊరుకుంటుంది. ఔటర్ రింగు రోడ్డు మీద పాత షాక్ అబ్జార్బర్లతో వచ్చిన ఊగులాట పోయింది. గట్టి స్ప్రింగు వెనక్కి తన్నే జోరును ఆపే శక్తి పాతవాటికి లేదు.

కానీ 44 మిల్లీమీటర్లు 44 మిల్లీమీటర్లే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో చెప్పిన స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. అలాంటిదైతే నా కారు తగలకుండా దాటుతుంది. మా వీధిలోవి కాలనీవాళ్లు సిమెంటుతో పోసినవి, అడుగున్నర వెడల్పు. వాటిలో రెండింటి మీద ఏటవాలుగా ఎక్కించినా కారు అడుగు భాగం గీసుకుంటుంది. సెల్లార్ వాలు దిగేటప్పుడు ముందు బంపర్ అంచు ఇప్పటికి రెండుసార్లు విరిగింది.

ఎంచుకునేవాళ్లకు నా మాట ఇది. ముందు మీ కారును ఇప్పుడున్న ఎత్తులో కొలవండి. ఆ దించే లెక్క ఏ దేశపు కారుకని అమ్మేవాడిని అడగండి. జర్మనీ స్ప్రింగులతో వచ్చే ధ్రువపత్రంలో ఇరుసు మీద గరిష్ఠ భారం రాసి ఉంటుంది, అది మీ ఇంజనుకూ గేరుబాక్సుకూ సరిపోతుందో చూడండి. ఉన్న స్ప్రింగునే ఒక చుట్టు కోసేస్తే సరిపోతుందని షెడ్డులో ఎవరైనా అంటే ఒప్పుకోకండి. చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడే మాట నిజమే, కానీ కోసిన కొన, స్ప్రింగును పట్టి ఉంచే గిన్నెలో సరిగా కూర్చోదు. బీమా సంస్థనూ ముందే అడిగి పెట్టుకోండి. నేనైతే మళ్లీ కొంటే, టేపు మీద నిజంగా 20, 25 దాటకుండా దిగేదే కొంటాను, దానికి తగిన షాక్ అబ్జార్బర్లను అదే రోజు వేయిస్తాను.

ఇవి నా పరిస్థితికి సరిపడిన మాటలు. ఈ కారులో ఎక్కువగా నేనొక్కడినే తిరుగుతాను, అమ్మానాన్నలు ఊరికి వెళ్లాలంటే మా ఆవిడ కారు ఉంది. ఒకే కారుతో ఇల్లంతా తిరిగేవాళ్లకు ఇవి వేయించుకోమని చెప్పలేను. అసలు స్ప్రింగులకు నూనె రాసి, గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టాను. పోయిన నెల టేపు పెడితే 346 వచ్చింది.