మూన్ క్లిప్ కోసం పోతే పెళ్లికార్డు కత్తిరించి చూపించిన తుపాకుల షాపు

కర్నూలులో నేను పోయే తుపాకుల షాపు గురించి రాయమని ఇద్దరు ముగ్గురు అడిగారు కాబట్టి రాస్తున్నా. పేరు, వీధి రాయను. లైసెన్సు ఉన్నవాళ్లకు ఎట్లాగూ తెలుసు, లేనివాళ్లకు అవసరం లేదు.

మాది పత్తికొండ పక్కన పల్లె. నాన్న పోయాక ఆయన .32 (అంగుళాల్లో గొట్టం సైజు) రివాల్వర్ లైసెన్సుతో సహా నా పేరు మీదికి వచ్చింది. కాన్పూర్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీది, ఆరు రౌండ్లది, అంటే ఆరు తూటాలు పడతాయి. నిజం చెప్పాలంటే నేను దాన్ని కాల్చింది తక్కువ, డిపాజిట్ చేసింది ఎక్కువ. ఎలక్షన్ కోడ్ పడితే చాలు, ఎన్నికలు అయ్యేదాకా అప్పగించమని మన సీమలో మొదట అడిగేది లైసెన్సు తుపాకులే కదా. 2019లో వేరే ఒకచోట పెడితే గొట్టం మీద తుప్పు మచ్చలతో తిరిగొచ్చింది, ఇదేందయ్యా అంటే "లోపల బాగానే ఉంది కదా" అన్నారు. అందుకే 2024 మార్చిలో కోడ్ రాగానే నేరుగా ఈ షాపుకు తెచ్చి పెట్టాను. జూన్ 4న కౌంటింగ్ అయ్యి, ఊళ్లో కాస్త చల్లబడ్డాక పోతే నూనె గుడ్డలో చుట్టి, నా పేరు చీటీ దారంతో కట్టి, పెట్టిన రోజు ఎట్లుందో అట్లే ఇచ్చారు. దీనికే సగం మార్కులు వేసెయ్యొచ్చు.

ఆ రోజే రౌండ్లు కూడా కొందామనుకుంటే రివాల్వర్ రౌండ్లు స్టాకు లేవు. పిస్టల్ రౌండ్లు మాత్రం ఉన్నాయి, అవీ .32వే. అప్పుడు వెలిగింది నాకు బుర్రలో బల్బు. మా మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు, వాడు అక్కడ షూటింగ్ రేంజికి పోయి స్మిత్ అండ్ వెసన్ 610 రివాల్వర్ అద్దెకు తీసుకుని కాల్చిన వీడియో పంపించాడు. పువ్వు ఆకారంలో పలచటి ఉక్కు బిళ్ళ, దాని చుట్టూ ఆరు తూటాలు బిగించి ఉంటాయి, ఆరూ ఒక్కసారే సిలిండర్లో, అంటే తూటాలు పెట్టే తిరుగుడు దిమ్మలో పడతాయి, కాల్చాక రాడ్ నొక్కితే ఆరు ఖాళీ కేసులూ (పేలాక మిగిలే తూటా గొట్టాలు) బిళ్ళతో సహా బయటికి వస్తాయి. అదే మూన్ క్లిప్. ఆ 610 చాంబర్ (సిలిండర్లో తూటా కూర్చునే రంధ్రం) 10 ఎంఎం తూటాకు చేసింది, కానీ క్లిప్పులో పెడితే దానికంటే మూడున్నర మిల్లీమీటర్లు పొట్టిదైన .40 తూటా కూడా పేలుతుంది. "మామా, ఒకే తుపాకి, రెండు రకాల తూటాలు" అని వాడు ఒకటే సంబరం. మరి నాది ఎందుకు కాకూడదు అనుకున్నా.

షాపు పెద్దాయనకు వీడియో చూపించాను. డెబ్బై దాటి ఉంటాయి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి ఫోను దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చూశాడు. "ఇది కొత్తదేం కాదు సామీ, 1917 నాటిది" అన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికాకు .45 పిస్టళ్ళు చాలక కోల్ట్, స్మిత్ అండ్ వెసన్ కంపెనీలతో అదే పిస్టల్ తూటా వేసే రివాల్వర్లు చేయించుకుందట. చిక్కేమిటంటే రివాల్వర్ తూటాకు అడుగున మేకు తలలాగ అంచు బయటికి ఉంటుంది, అది సిలిండర్ వెనక ఆనుకుని తూటాను నిలబెడుతుంది, ఖాళీ కేసు బయటికి నెట్టాలన్నా ఆ అంచే ఆధారం. .45 పిస్టల్ తూటాకు ఆ అంచు బయటికి రాదు. అందుకని మూడేసి తూటాలు పట్టే అర్ధచంద్రం ముక్కలు చేశారు, రెండు ముక్కలు వేస్తే ఆరు. మొదట వచ్చిన కోల్టుల్లో చాంబర్ తిన్నగా తొలిచేశారట, క్లిప్ లేకపోతే తూటా ముందుకు జారిపోయి, దాన్ని కొట్టి పేల్చే పిన్ను తగిలేదే కాదు. ఆరింటినీ పట్టే నిండు చందమామ తర్వాత వచ్చింది.

నేను ఊరుకోలేదు. రెండు కేసుల పొడవులూ ముందే చూసిపెట్టుకున్నా, పిస్టల్‌ది 17 మిల్లీమీటర్లు, నా రివాల్వర్‌ది 23. గుండు లావు దాదాపు ఒకటే. ఆరు మిల్లీమీటర్ల తేడానే కదా, క్లిప్ పట్టుకోదా అన్నాను.

ఆయన ఏమీ మాట్లాడకుండా సొరుగులోంచి మందు లేని డమ్మీ పిస్టల్ తూటా తీసి నా సిలిండర్లో వేశాడు. నిలబడింది! క్లిప్ లేకుండానే. .32 పిస్టల్ తూటాకు మిగతా చాలావాటిలా కాకుండా సన్నటి అంచు కొంచెం బయటికి ఉంటుంది, ఆ కాస్తా సిలిండర్ వెనక పట్టుకుంది. నా మొహం వెలిగిపోయింది. "పట్టింది కదా!" అన్నా.

"పట్టింది. పేలుతుంది కూడా. నేనైతే పేల్చను" అన్నాడు.

ఎందుకంటే, పొట్టిది కాబట్టి బలం తక్కువ అని నేను తిరగేసి లెక్క వేశాను. అమెరికా వాళ్ల ప్రమాణం ప్రకారం .32 రివాల్వర్ తూటాకు లోపల ఒత్తిడి గరిష్ఠంగా 15,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఉండాలి, .32 పిస్టల్ తూటాకు 20,500. అంటే మూడో వంతు పైన ఎక్కువ. నాన్న కాలం నాటి సిలిండర్ దాన్ని ఎన్నిసార్లు ఓర్చుకుంటుందో పరీక్ష పెట్టేది నా అరచేతిలోనే. 610లో కథ వేరే, దాని సిలిండర్ 10 ఎంఎంకు కట్టింది, .40 ఒత్తిడి 10 ఎంఎం కంటే తక్కువ. కాబట్టి అక్కడ పొట్టి తూటా భద్రం, నా దాంట్లో పొట్టి తూటాయే గండం. మేనల్లుడికి ఈ ముక్క చెప్తే రెండు రోజులు రిప్లయ్ లేదు.

ఆ తర్వాత చేసింది నాకు బాగా నచ్చింది. కౌంటర్ మీద పెళ్లికార్డుల గుట్ట ఉంది. అందులోంచి మందపాటి కార్డు ఒకటి తీసి, కత్తెరతో అర్ధచంద్రం కోసి, మూడు గంట్లు పెట్టి, మూడు డమ్మీలు వాటి గాడుల్లోకి జొనిపాడు. వినాయకుడి బొమ్మ ఉన్న వైపు జాగ్రత్తగా వదిలేసి వెనక అట్ట మాత్రమే కోశాడు, అదీ గమనించా. సిలిండర్లో పెట్టి మూయమన్నాడు. మూసుకోలేదు. అట్ట మందానికే తూటాల అడుగులు వెనక్కి పొడుచుకొచ్చి ఫ్రేముకు తగులుతున్నాయి. "చూశావా, క్లిప్ పట్టాలంటే సిలిండర్ వెనక అంత మందం కోయాల. నువ్వు పోయి లేత్ మిషన్ వాడితో కోయిస్తే ఇద్దరూ లోపలికి పోతారు" అన్నాడు. లైసెన్సు లేనివాళ్లు తుపాకి మార్చడం, రిపేరు చేయడం ఆయుధాల చట్టం కింద నేరమే మరి. తర్వాత ఆ అట్టను వేలితో కొంచెం వంచాడు, మూడు తూటాలూ మూడు దిక్కులకు వాలాయి. అసలు ఉక్కు క్లిప్ కూడా ఏమాత్రం వంగినా సిలిండర్ బిగుసుకుపోతుందట, అందుకే పోటీలు ఆడేవాళ్లు క్లిప్పుల్ని జేబులో పడేసుకోకుండా విడిగా పెట్టుకుంటారు, ఖాళీ కేసులు ఊడదీయడానికి కూడా ప్రత్యేకంగా పనిముట్టు వాడతారు.

ఇంతా చెప్పి పిస్టల్ రౌండ్లు అమ్మలేదు. "నీ లైసెన్సులో రివాల్వర్ అని ఉంది, నేను పుస్తకంలో ఏమని రాసేది?" అన్నాడు. రెండు వారాలకు నా రౌండ్లు వచ్చాయి, మళ్లీ బస్సెక్కి పోయి తెచ్చుకున్నా. ఆ బస్సు చార్జీ మీద నాకేం ఏడుపు లేదు.

ఏడుపు ఉన్నది వేరేవాటి మీద. ఫోను ఎత్తరు, పది సార్లు చేసినా ఎత్తరు, స్టాకు వచ్చిందో లేదో అక్కడికి పోయి చూసుకోవాల్సిందే. ఫోన్‌పే లేదు, నోట్లు లెక్కపెట్టి ఇవ్వాలి, అది కూడా ఆయన రెండుసార్లు లెక్కపెట్టుకుంటాడు. క్లీనింగ్‌కు అరగంట అని చెప్పి మూడు గంటలు కూర్చోబెట్టాడు, ఉన్న స్టూలు ఒక్కటే, దానికి ఒక కాలు పొట్టి. బిల్లు మీద చేతిరాత డాక్టర్లకు కూడా అర్థం కాదు. క్లీనింగ్ మాత్రం పక్కాగా చేశాడు, 2019 తుప్పు మచ్చల్లో ఒకటి తప్ప అన్నీ పోయాయి, ఆ ఒక్కటి లోతుకు తిన్నదట, వదిలెయ్ అన్నాడు.

ఐదుకు నాలుగు. పోయేవాళ్లు లైసెన్సు ఒరిజినల్ తీసుకుపోండి, జిరాక్స్ చూపిస్తే మొహం మీదే తిప్పి పంపిస్తాడు. శుక్రవారం మధ్యాహ్నం పోవద్దు, నమాజుకు మూసేసి మూడు దాటాక గాని తెరవరు.