‘పదిహేను నెలల్లో అమెరికా నర్సు’ ప్యాకేజీ: డబ్బు కట్టే ముందు ఇది చదవండి

భీమవరం, పాలకొల్లు, రాజోలు, అమలాపురం వైపు వాళ్ళకి జాగ్రత్త చెప్పడానికి రాస్తున్నాను. డిగ్రీ అయిన పిల్లలకి ‘ఇంకో పదిహేను నెలలు చదివితే అమెరికాలో రిజిస్టర్డ్ నర్సు, ఆ వెనకే గ్రీన్ కార్డు’ అని ఒక ప్యాకేజీ అమ్ముతున్నారు. మా చెల్లి కోసం ఇంట్లోవాళ్ళు అలాంటి ఒక కన్సల్టెన్సీలో 3,40,000 రూపాయలు కట్టారు. ఇప్పటికి 90,000 వెనక్కి వచ్చాయి. కంప్లయింట్ నడుస్తోంది కాబట్టి వాళ్ళ పేరు రాయను. అయినా ఇలాంటి చోట్ల బోర్డు మార్చడం ఎంతసేపు? వాళ్ళు ఏం చెబుతారో, ఏం దాస్తారో తెలిస్తే ఏ బోర్డు కిందైనా పనికొస్తుంది.

నేను జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా, ఆ తర్వాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసి ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. చెల్లిది బీఎస్సీ బీజడ్‌సీ, అంటే బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ.

ముందుగా ఒక సంగతి. వాళ్ళు చెప్పే కోర్సు నిజంగానే ఉంది. అసలు చిక్కు అక్కడే. దాన్ని యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్ అంటారు, బీఎస్ఎన్ అంటే అక్కడి నర్సింగ్ బ్యాచిలర్ డిగ్రీ. వేరే సబ్జెక్టులో బ్యాచిలర్ డిగ్రీ ఉన్నవాళ్ళకి జనరల్ సబ్జెక్టులు మళ్ళీ చెప్పకుండా, నర్సింగ్ భాగం మాత్రం కుదించి 11 నుంచి 18 నెలల్లో పూర్తి చేయిస్తారు. అమెరికాలో చాలా యూనివర్సిటీల్లో ఉంది. అందుకే ఏజెంట్ వెబ్‌సైట్ తెరిచి చూపిస్తే అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. మీరు ఇంటికొచ్చి గూగుల్లో వెతికినా అదే వస్తుంది, ‘పాపం, ఉన్నదే చెప్పాడు’ అనిపిస్తుంది. ఉన్నదాంట్లో మధ్య ముక్క చెప్పాడు. ముందుదీ వెనకదీ వదిలేశాడు.

ముందు ముక్క ఏమిటంటే, ఆ పదిహేను నెలలు మొదలవ్వాలంటే కొన్ని సబ్జెక్టులు అప్పటికే పాసై ఉండాలి. వాటిని ప్రీ రిక్విజిట్లు అంటారు. కాలేజీని బట్టి కాస్త తేడా ఉన్నా మామూలుగా అడిగేవి ఇవి: హ్యూమన్ అనాటమీ ఫిజియాలజీ రెండు భాగాలు ల్యాబుతో సహా, మైక్రోబయాలజీ ల్యాబుతో, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, న్యూట్రిషన్, డెవలప్‌మెంటల్ సైకాలజీ. మన బీజడ్‌సీ పిల్లలకి జువాలజీ ఉంది కదా, సరిపోతుందిలే అనుకుంటాం. కప్ప, బొద్దింక చదివినది హ్యూమన్ అనాటమీ కింద వాళ్ళు లెక్కవేయరు. సైన్స్ సబ్జెక్టులు చదివి అయిదేళ్ళో ఏడేళ్ళో దాటితే ఒప్పుకోని కాలేజీలు ఉన్నాయి. బయటి దేశాల్లో చదివింది చెల్లదు, అమెరికాలోనే మళ్ళీ చదవాలనేవీ ఉన్నాయి. పైగా మన మూడేళ్ళ డిగ్రీని అక్కడి నాలుగేళ్ళ డిగ్రీతో సమానంగా చూడని చోట్లూ ఉన్నాయి. అది తేలాలంటే మార్కుల లిస్టుల్ని, బయటి దేశాల చదువుని అక్కడి లెక్కకి మార్చి చూపే వెస్ లాంటి సంస్థకి పంపి కోర్సువారీగా లెక్క కట్టించాలి. ఇవన్నీ అయ్యాక టీస్ అనో హెసీ అనో ఎంట్రన్స్. వీటిలో ఒక్క మాట కూడా మా చెల్లికి ఆ ఆఫీసులో చెప్పలేదు. పాస్‌పోర్టు, డిగ్రీ మెమోలు, నాన్నగారి తోట కాగితాలు మాత్రం మొదటిరోజే అడిగారు.

రిజిస్ట్రేషన్ పేరుతో 40,000, తర్వాత ‘సీట్ బ్లాకింగ్’ అని మూడు లక్షలు తీసుకున్నారు. రెండోది కంపెనీ ఖాతాకి కాదు, ఎవరిదో సేవింగ్స్ ఖాతాకి వేయమన్నారు. కొన్నాళ్ళకి ఆఫర్ లెటర్ వచ్చిందని ఫోన్. ఇంట్లో పండగ. ఆ వెనక ఐ-20 వచ్చింది.

ఐ-20 అంటే కాలేజీ ఇచ్చే కాగితం, అది ఉంటేనే స్టూడెంట్ వీసాకి వెళ్ళగలం. దాని మొదటి పేజీలో చదువు వివరాలుండే గడి ఉంటుంది. అందులో ‘మేజర్’ అనే చోట కోర్సు పేరు, పక్కనే ఒక కోడ్ ఉంటాయి. రిజిస్టర్డ్ నర్సింగ్ కోడ్ 51.3801. మా చెల్లి కాగితంలో 24.0102 అని ఉంది. అది జనరల్ స్టడీస్. ఎడ్యుకేషన్ లెవెల్ దగ్గర బ్యాచిలర్స్ కాదు, అసోసియేట్ అని ఉంది. అంటే నర్సింగ్ సీటు కాదు సరికదా, బ్యాచిలర్ డిగ్రీ సీటు కూడా కాదు. రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీలో మామూలు చదువు.

ఫోన్ చేస్తే, ‘ఆయ్, అది ఫార్మాలిటీ అండి మేడమ్. అక్కడికెళ్ళాక నర్సింగ్‌లోకి మార్చేస్తారు, అందరికీ ఇలాగే వస్తుంది’ అన్నాడు. కాలేజీ వెబ్‌సైట్లో ఉన్న ఇంటర్నేషనల్ అడ్మిషన్ల ఆఫీసుకి నేనే మెయిల్ పెట్టాను. జవాబు మర్యాదగా, వివరంగా ఇచ్చారు: విద్యార్థిని జనరల్ స్టడీస్‌లో చేరుతోంది, నర్సింగ్‌కి వేరుగా అప్లై చేయాలి, సీట్లు పరిమితం, దొరుకుతుందన్న హామీ లేదు, తమ దగ్గర యాక్సిలరేటెడ్ ప్రోగ్రామే లేదు. ఈ ఒక్క మెయిల్ ఖర్చు సున్నా. ఏజెంట్ మాత్రం ‘కాలేజీకి డైరెక్టుగా రాస్తే అడ్మిషన్ కాన్సిల్ అవుతుంది’ అని ముందే బెదిరించి పెట్టాడు. ఎవరైనా మీతో ఆ మాట అంటే అప్పుడే అనుమానించండి.

ఇక సీటు నిజంగానే దొరికిందనుకుందాం. ఆ పదిహేను నెలలు ఎలా ఉంటాయో కూడా ఎవరూ చెప్పరు. మా పెద్దమ్మ కూతురు అమెరికాలో ఆ కోర్సు చేసింది. ఇక్కడ ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివి, పెళ్ళయ్యి వెళ్ళి, బావగారి ద్వారా గ్రీన్ కార్డు వచ్చాక చేరింది. అంత చదివినా ప్రీ రిక్విజిట్లకే కమ్యూనిటీ కాలేజీలో ఏడాది పైనే పట్టిందట. చేరాక మొదటి టర్మ్‌లోనే పాథోఫిజియాలజీ, ఫార్మకాలజీ, హెల్త్ అసెస్‌మెంట్ ఒకేసారి మీదపడ్డాయి. సెలవులంటూ లేవు, దాదాపు ప్రతివారం ఏదో ఒక పరీక్ష. వాళ్ళ కాలేజీలో పరీక్షల సగటు 77 రాకపోతే అసైన్‌మెంట్లు ఎంత బాగా రాసినా సబ్జెక్టు పోయినట్టే. ఒక సబ్జెక్టు పోతే వెనక బ్యాచ్‌లోకి, రెండోది పోతే ఇంటికి. మందుల మోతాదు లెక్కలకి వేరే పరీక్ష, అందులో పాసవ్వకుండా వార్డులో మందు ముట్టుకోనివ్వరు.

క్లినికల్ రోజున పన్నెండు గంటల డ్యూటీ, పొద్దున్న ఏడింటికల్లా రిపోర్టు. ముందురోజు రాత్రి కేర్ ప్లాన్ రాసుకుని వెళ్ళాలి. ఇవన్నీ తట్టుకోవచ్చు, మన నర్సింగ్ పిల్లలకి నైట్ డ్యూటీలు కొత్తా? అక్క నిజంగా ఇబ్బంది పడింది ప్రశ్నలతో. మనకి ఇక్కడ ‘న్యుమోనియా అంటే ఏమిటి, రకాలు, నర్సింగ్ మేనేజ్‌మెంట్ రాయండి’ అంటారు. బట్టీ పట్టి నాలుగు పేజీలు నింపితే మార్కులు. నేనూ అలాగే పాసయ్యాను. అక్కడ ఇచ్చిన నాలుగు జవాబులూ సరైనవే అయి ఉంటాయి, వాటిలో ముందు ఏది చేస్తావు అని అడుగుతారు. నలుగురు పేషెంట్లలో ముందు ఎవరి గదికి వెళ్తావు అంటారు. అక్క మొదటి పరీక్షలో తప్పింది. తర్వాత నోట్సు తిరగరాయడం మానేసి, రోజూ ప్రశ్నలు చేసి, తప్పయిన ప్రతిదానికీ ఎందుకు తప్పయిందో రాసుకోవడం మొదలుపెట్టింది. ఇంకో ఇద్దరితో కలిసి చదివేది. వంట ఆదివారం ఒక్కరోజే. పాపని చూసుకోవడానికి వాళ్ళ అత్తగారు ఇక్కడినుంచి వెళ్ళారు. ‘ఇంటి అద్దె కట్టే మనిషి, పిల్లని చూసే మనిషి లేకపోతే నా వల్ల అయ్యేది కాదే’ అని చెల్లితో చెప్పింది.

ఇప్పుడు ఏజెంట్ మాట చూడండి. ‘పార్ట్ టైమ్ చేసుకుంటూ ఫీజు కట్టుకోవచ్చు’ అట. ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా మీద మొదటి ఏడాది క్యాంపస్ బయట ఉద్యోగం చేయకూడదు. క్యాంపస్‌లో అయినా క్లాసులు నడిచేటప్పుడు వారానికి 20 గంటలే. ఈ కోర్సులో ఆ 20 గంటలు కూడా దొరకవు. రొయ్యల చెరువు లీజు డబ్బుతోనో, కొబ్బరితోట తాకట్టుపెట్టో మొదటి టర్మ్ ఫీజు కట్టి, మిగతాది అక్కడే సంపాదించుకుంటుందిలే అనుకునే తల్లిదండ్రులు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

గ్రీన్ కార్డు మాట ఇంకా దారుణం. చదువయ్యాక నర్సు లైసెన్సు కోసం ఎన్‌క్లెక్స్ పరీక్ష పాసవ్వాలి. చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పనిచేయనిచ్చే ఓపీటీ కింద ఏడాది పనిచేయొచ్చు. నర్సింగ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) జాబితాలో లేదు కాబట్టి ఇంజనీరింగ్ పిల్లలకి వచ్చే అదనపు 24 నెలలు రావు. మామూలు స్టాఫ్ నర్సు ఉద్యోగానికి హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా దొరకడం కష్టం. నర్సులకి గ్రీన్ కార్డు ఇచ్చే ఈబీ-3 దారి ఉన్నమాట నిజమే, కానీ అందులో ఇండియాలో పుట్టినవాళ్ళ క్యూ పదేళ్ళకి పైగా వెనకబడి ఉంది. ‘వెంటనే’ అన్న మాటకి ఇక్కడ చోటే లేదు.

అదే ఆఫీసులో ఇంకో సరుకు కూడా ఉంది. అమెరికా స్తోమత లేనివాళ్ళకి అది చూపిస్తారు: ‘రెండేళ్ళలో బీఎస్సీ నర్సింగ్, రోజూ కాలేజీకి వెళ్ళక్కర్లేదు.’ మన దేశంలో బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు, ఎనిమిది సెమిస్టర్లు. ఇంటర్ బైపీసీ అయినా, ఆపైన ఏ డిగ్రీ ఉన్నా అంతే. రెండేళ్ళలో అయ్యేది పోస్ట్ బేసిక్ బీఎస్సీ, అది జీఎన్ఎం పాసై నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్టర్ అయినవాళ్ళకి మాత్రమే. నేను చేసింది అదే. వేరే రాష్ట్రం కాలేజీ పేరుమీద సర్టిఫికెట్ ఇప్పిస్తామంటే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వెబ్‌సైట్లో ఆ రాష్ట్రం జాబితా చూడండి. మన దగ్గర కాలేజీ అయితే ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ అఫిలియేషన్ ఉందో లేదో చూడండి. ఇక హాజరు లేకుండా వచ్చిన కాగితం ఎంత అందంగా ఉన్నా, రేపు రిజిస్ట్రేషన్ దగ్గర చిక్కుతుంది. అది దాటినా వార్డులో చిక్కుతుంది, అది ఇంకా ప్రమాదం. అమెరికాలోనూ ఈ వ్యాపారం బయటపడింది. 2023 జనవరిలో ఫ్లోరిడాలోని మూడు నర్సింగ్ స్కూళ్ళ పేరుతో 7,600కి పైగా దొంగ డిప్లొమాలు అమ్మారని 25 మందిమీద కేసులు పెట్టారు. ఆ కాగితాలతో ఉద్యోగాల్లో చేరిన చాలామంది లైసెన్సులు పోగొట్టుకున్నారు.

ఇప్పటికే కట్టేసినవాళ్ళకి. ‘సర్వీస్ ఛార్జీలు నాన్ రిఫండబుల్’ అని రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉంది కదా అని ఆగిపోకండి. చెప్పిన సర్వీసు వేరు, ఇచ్చింది వేరు అయితే అది వినియోగదారుల చట్టం కిందకి వస్తుంది. మేం ముందు 1915 నంబర్‌కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చేశాం. ఆ 90,000 అలా కదిలినవే. మిగతాదానికి జిల్లా వినియోగదారుల కమిషన్లో వేశాం. కట్టిన మొత్తం అయిదు లక్షల లోపు అయితే అక్కడ ఫీజు లేదు. కన్సల్టెన్సీ ఎక్కడున్నా మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు. గడువు మాత్రం రెండేళ్ళు. సేవింగ్స్ ఖాతాకి వేసిన మూడు లక్షల్ని ‘మాకు సంబంధం లేదు’ అంటున్నారు. ఆ నంబరు పంపి అందులో వేయమన్న వాట్సాప్ మెసేజ్ చెల్లి ఫోన్‌లో ఉంది కాబట్టి కేసు నిలబడింది. మీరూ మెసేజులు, కాల్ రికార్డింగులు, పాంప్లెట్ దాచుకోండి. ఒరిజినల్ మెమోలు వాళ్ళ దగ్గర ఉంటే డబ్బుకన్నా ముందు అవి వెనక్కి తెచ్చుకోండి. మావి ఇవ్వడానికి కూడా పేచీ పెట్టారు, స్టేషన్‌కి వెళ్తామంటే అప్పుడు ఇచ్చారు.

ఇంకా కట్టనివాళ్ళు, పిల్ల నిజంగానే వెళ్ళాలనుకుంటే, కాలేజీ వెబ్‌సైట్లో ఉన్న చిరునామాకి పిల్లచేతే మెయిల్ రాయించండి. మీ యాక్సిలరేటెడ్ నర్సింగ్‌లో ఎఫ్-1 విద్యార్థుల్ని తీసుకుంటారా? ఇండియా మూడేళ్ళ డిగ్రీ, ఇక్కడ చదివిన సైన్స్ సబ్జెక్టులు ఒప్పుకుంటారా? నా ఐ-20 నర్సింగ్ మేజర్‌తోనే ఇస్తారా? ఈ మూడూ అడిగితే చాలు. ఆ ప్రోగ్రామ్‌కి సీసీఎన్ఈ లేదా ఏసీఈఎన్ గుర్తింపు ఉందో లేదో ఆ సంస్థల వెబ్‌సైట్లలో, ఆ రాష్ట్రం నర్సింగ్ బోర్డు ఆమోదం ఉందో లేదో బోర్డు వెబ్‌సైట్లో మీరే చూసుకోవచ్చు. చాలా బోర్డులు ఎన్‌క్లెక్స్ పాస్ శాతం కూడా కాలేజీవారీగా పెడతాయి. ఈ జవాబులు చేతికి వచ్చేదాకా స్టూడెంట్ వీసాకి ముందు అమెరికా ప్రభుత్వానికి కట్టే 350 డాలర్ల సెవిస్ ఫీజు గానీ, వీసా ఫీజు గానీ కట్టకండి. అవి వెనక్కి ఇవ్వరు.