మొండిగా ఉంటారు, అందుకే నమ్మొచ్చు: మా మూలకణాల ఉమ్మడి ల్యాబ్

మా యూనివర్సిటీలో మానవ మూలకణాలు పెంచుకోడానికి అన్ని డిపార్ట్‌మెంట్లకూ కలిపి ఒకే ల్యాబ్ ఉంది. మా గ్రూపు ఐపీఎస్ కణాల (చర్మం, రక్తం లాంటి మామూలు కణాల్ని వెనక్కి మార్చి తయారుచేసే మూలకణాలు) పని మొదలుపెట్టినప్పటి నుంచి నేను అక్కడే చేస్తున్నాను. అందులో చేరాలా, సొంతంగా ఒక గది ఏర్పాటు చేసుకోవాలా అని తేల్చుకోలేని వాళ్లకి ఇది పనికొస్తుందని రాస్తున్నా.

నాకు అన్నిటికంటే నచ్చింది క్వారంటైన్. ఎంత పెద్ద ప్రొఫెసర్ పంపిన కణాలైనా సరే, మైకోప్లాస్మా (కణాల మధ్య కనపడకుండా చేరే అతి చిన్న బాక్టీరియా) పరీక్షలో నెగటివ్ వచ్చేదాకా విడి గదిలో, విడి ఇంక్యుబేటర్‌లోనే ఉండాలి, బతిమాలినా వినరు. కొత్తగా వచ్చినవాళ్లకి చిరాకేస్తుంది, నిజమే. కానీ మైకోప్లాస్మాకి కణకవచం లేదు కాబట్టి పెన్సిలిన్ దాన్ని ఏమీ చేయలేదు, 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌లోంచి కూడా దూరిపోగలదు, మామూలు బాక్టీరియా పడితే మీడియా (కణాల్ని పెంచే పోషక ద్రవం) మసకబారినట్టు ఇది పడితే మసకబారదు. ఇంతమంది ఒకే ఇంక్యుబేటర్ వాడే చోట ఒక్క ప్లేట్‌లో అది ఉన్నా అందరి పనీ మట్టిపాలే. మీడియాలో యాంటీబయాటిక్స్ కూడా వేయనివ్వరు, వేస్తే చిన్న చిన్న కంటామినేషన్లు బయటపడకుండా దాక్కుంటాయని. నా ఉద్దేశంలో ఇదే సరైన పద్ధతి.

ట్రైనింగ్ గట్టిగా ఉంటుంది. హుడ్ (కణాలతో పని చేయడానికి శుభ్రమైన గాలి వీచే క్యాబినెట్) బుక్ చేసుకునే అనుమతి ఇచ్చే ముందు, వాళ్ల కళ్లెదుట ఒక లైన్‌ని (ఒకే మూలం నుంచి వచ్చిన కణాల సంతతి) కొన్ని పాసేజ్‌ల పాటు (కణాల్ని విడగొట్టి కొత్త ప్లేట్‌లోకి మార్చే విడతలు) ఆరోగ్యంగా నిలబెట్టి చూపించాలి. కణాలు అంటుకోడానికి ప్లేట్‌కి పూసే మ్యాట్రిజెల్‌ని ఐస్ మీద నుంచి దించకుండా చల్లటి టిప్స్‌తో తీయడం, అంచుల్లో డిఫరెన్షియేట్ అయిపోయిన (మూలకణ లక్షణం పోయి వేరే కణాలుగా మారిన) భాగాల్ని గీకి తీసేయడం, కణాల పట్టు వదిలించే ఈడీటీఏ అనే రసాయనంతో కాలనీలని చిన్న ముద్దలుగానే విడగొట్టడం, అన్నీ చేతితో చేయించి నేర్పిస్తారు. ఈ కణాలు ఒంటరిగా విడిపోతే చాలావరకు చచ్చిపోతాయి కదా, అలా విడగొట్టక తప్పనప్పుడు మొదటి రోజు రాక్ ఇన్హిబిటర్ (ఒంటరి కణాలు చావకుండా కాపాడే మందు) ఎందుకు వేయాలో కూడా ఓపిగ్గా చెప్తారు. విసుక్కోరు.

వీకెండ్ డ్యూటీ ఇంకో వరం. మీడియాలో ఉండే ఎఫ్‌జీఎఫ్2 (కణాల్ని మూలకణాలుగానే నిలిపి ఉంచే ప్రోటీన్) 37 డిగ్రీల దగ్గర తొందరగా శక్తి కోల్పోతుంది, అందుకే మామూలు మీడియా అయితే రోజూ మార్చాలి, పండగైనా ఆదివారమైనా. ఇక్కడ రోస్టర్ ఉంది, ముందే రాసి పెడితే డ్యూటీలో ఉన్నవాళ్లు మన ప్లేట్లకి కూడా మీడియా మార్చి, కాలనీలు ఎలా ఉన్నాయో రెండు ముక్కలు రాసి పెడతారు. ఊరెళ్లినా టెన్షన్ ఉండదు.

ఇక నచ్చనివి. మధ్యాహ్నం హుడ్ దొరకడం కష్టం, బుక్ చేసి రానివాళ్లని ఎవరూ అడగరు. అది సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది క్రోమోజోమ్ పరీక్ష. ఇక్కడ జీ-బ్యాండింగ్ (క్రోమోజోమ్‌లకి రంగు వేసి వాటి చారల్ని మైక్రోస్కోప్‌లో చూడటం) ఒక్కటే చేస్తారు. మూలకణాల్లో తరచూ వచ్చే మార్పుల్లో ఒకటి 20వ క్రోమోజోమ్ పొడవాటి భుజంలో ఒక చిన్న ముక్కకి అదనపు కాపీలు రావడం, అది చాలాసార్లు జీ-బ్యాండింగ్‌కి అందనంత చిన్నది. ఆ మార్పు వచ్చిన కణాలు చావుని తప్పించుకుని, పొలంలో కలుపులా పెరిగి, కొన్ని పాసేజ్‌లలోనే ప్లేట్ అంతా ఆక్రమిస్తాయి. పైకి చూస్తే "అబ్బ, ఎంత బాగా పెరుగుతున్నాయో" అనిపిస్తుంది, అదే భయం. మైకోప్లాస్మా విషయంలో అంత పట్టుదలగా ఉండేవాళ్లు దీనికి ఒక క్యూపీసీఆర్ పరీక్ష (డీఎన్ఏ ముక్క ఎన్ని కాపీలుందో లెక్కించేది) పెట్టకపోవడం నాకు మింగుడు పడదు. అడిగితే చూద్దామంటారు. అప్పటిదాకా మా శాంపిల్స్ మేమే బయట చేయించుకుంటున్నాం.

ఇంత చెప్పినా, చిన్న గ్రూపు అయితే చేరమనే అంటాను. సొంత గదిలో ఇంత కట్టుదిట్టంగా నడపడానికి మనుషులు చాలరు. వెళ్లేటప్పుడు మీ లైన్ ఎస్‌టీఆర్ రిపోర్టు (ఆ కణాలు ఎవరివో తేల్చే డీఎన్ఏ గుర్తింపు), ఏ పాసేజ్‌లో ఫ్రీజ్ చేశారో ఆ వివరాలు దగ్గర పెట్టుకోండి, అవి లేకుండా క్వారంటైన్ గది గుమ్మం కూడా దాటనివ్వరు.