టబాటా, ఫోర్ బై ఫోర్, ఫార్ట్‌లెక్: గుండె దమ్ముకు ఏది మేలు?

తీవ్ర శ్రమ, విరామం మార్చి మార్చి చేసే ఇంటర్వెల్ శిక్షణ అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది టబాటా. నాలుగు నిమిషాల్లో పని పూర్తవుతుందన్న మాటే దానికి అంత పేరు తెచ్చింది. అయితే 1996లో జపాన్ పరిశోధకుడు ఇజుమి టబాటా బృందం ప్రచురించిన అధ్యయనంలో పాల్గొన్నవారు 20 సెకన్లు సైకిలు తొక్కి 10 సెకన్లు ఆగుతూ, ఏడెనిమిది విడతల్లో పూర్తిగా అలసిపోయేంత తీవ్రతతో శ్రమించారు. ఆరు వారాల్లో వారి గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం (తీవ్ర శ్రమలో శరీరం వాడుకోగల అత్యధిక ఆక్సిజన్) పెరగడంతోపాటు, ఆక్సిజన్ మీద ఆధారపడని శక్తి 28 శాతం పెరిగింది. మధ్యస్థ తీవ్రతతో వారానికి ఐదు రోజులు గంటసేపు తొక్కినవారిలో మొదటిది మాత్రమే పెరిగింది. జిమ్ముల్లో ఇరవై నిమిషాలపాటు సాగే 'టబాటా క్లాసు'కు ఈ ఫలితాలను ఆపాదించడం సరికాదు. ఆ పది సెకన్లలో పక్కవారితో మాట్లాడగలుగుతున్నామంటే మనం అనుసరిస్తున్నది గడియారాన్నే తప్ప ఆ పద్ధతిని కాదు.

గుండె సామర్థ్యమే లక్ష్యమైతే నా మొగ్గు నార్వే పద్ధతి ఫోర్ బై ఫోర్ వైపు. పది నిమిషాల వార్మప్ తర్వాత, గరిష్ఠ గుండె వేగంలో 90 నుంచి 95 శాతానికి చేరేలా నాలుగు నిమిషాలు పరుగెత్తి, మూడు నిమిషాలు 70 శాతం దగ్గర నెమ్మదించాలి. ఇలా నాలుగు విడతలు. గరిష్ఠ గుండె వేగం నిమిషానికి 180 ఉన్న వ్యక్తికి ఆ 90-95 శాతం అంటే సుమారు 162 నుంచి 171 వరకు. 2007లో వెలువడిన నార్వే అధ్యయనంలో, వారానికి మూడు రోజుల చొప్పున ఎనిమిది వారాలు ఇలా చేసినవారి గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం 7.2 శాతం, 15 సెకన్ల పరుగు, 15 సెకన్ల విరామంతో చేసినవారిది 5.5 శాతం పెరిగాయి. ఆ రెంటి నడుమ అంతరం చిన్నదే. మొత్తం శ్రమ అంతే ఉన్నా, తీవ్రత తగ్గించి నిలకడగా పరుగెత్తినవారిలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ప్రతి స్పందనకూ గుండె పంపే రక్త పరిమాణం పెరగడమే ఈ లాభానికి మూలం.

ఈ పద్ధతిలో కొత్తవారు తరచూ తప్పటడుగు వేసేది మొదటి నిమిషంలోనే. చేతి గడియారం ఇంకా 140 చూపిస్తోందని వేగం పెంచేస్తారు. నిజానికి గుండె వేగం శ్రమను కాస్త ఆలస్యంగా అందుకుంటుంది. లక్ష్యాన్ని చేరడానికి ఒకటి రెండు నిమిషాలు పట్టడం సహజం.

స్వీడన్‌లో 1930లలో పరుగు కోచ్ గోస్టా హోల్మెర్ రూపొందించిన ఫార్ట్‌లెక్‌లో లెక్కలు తక్కువ. ఎదుటి చెట్టు దాకా వేగంగా, ఆయాసం తగ్గేదాకా నెమ్మదిగా పరుగెత్తడమే దాని తీరు. ఫలితాన్ని కొలవడం కష్టమే గానీ, వ్యాయామం కొత్తగా మొదలుపెట్టేవారికి నేను ముందు దీన్నే సూచిస్తాను. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు తీవ్రమైన పద్ధతుల జోలికి వెళ్లేముందు వైద్యుణ్ని సంప్రదించాలి.

ఫార్ట్‌లెక్ అలవాటయ్యాక, వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామంతో, ఫోర్ బై ఫోర్‌కు మారవచ్చు. నాలుగో విడతలో మొదటి విడత వేగాన్ని అందుకోలేకపోతే, ఆరంభంలోనే అతిగా పరుగెత్తినట్టు లెక్క.